వాన లేకుండా కారిన మిద్దె

జులై 3, 1941. గురువారం
పొద్దున్నే తలుపు దబదబా. నా వెనకింట్లో మూడు నెలలుగా కిరాయికి ఉంటున్న నేతగాడు సత్తయ్య. గొంతెత్తి ఎరగని మనిషి, ఇవాళ కేకే. "నర్సమ్మా, మిద్దె కురుస్తాంది! మగ్గం మీదనే పడ్తాంది!"

నిజమే. దూలం పక్క నుంచి చుక్క... ఇంకో చుక్క... కిందనే పెళ్లి చీరెల పడుగు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం కట్టంగూర్‌లో పెళ్లి. పడుగు తడిస్తే గంజి పోతుంది, పోగులు పుటుక్కున తెగుతాయి, సత్తయ్య కష్టం గంగపాలు. ఇత్తడి తాంబాళం అడ్డం పెట్టించాను.

వింతేమిటంటే, వారం రోజులుగా వానే లేదు!

జులై 4
మళ్లీ కారింది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

దవాఖానలో నర్సు జీతంతో కట్టించిన ఇల్లు. మా తరతరాల్లో మొట్టమొదటి ఇల్లు. అప్పుడే పరువు తీస్తోంది. దూలాల మీద మట్టి పోసి మిద్దె కప్పింది మా బాపే, తన చేతులతో. అడిగితే మొహం తువ్వాలతో తుడుచుకుంటూ, "కొత్త మిద్దె గదా బిడ్డా, జర చెమట పడ్తది" అన్నాడు. మిద్దెకు చెమటట! డ్యూటీకి వేళయింది గానీ, లేకుంటే చెప్పేదాన్ని.

జులై 5
సత్తయ్య తల వంచుకుని — "వేరే జాగ చూసుకుంట నర్సమ్మా. నీ మీద కోపమైతే లేదు." కోపం లేదంటేనే కడుపు మండింది. ఊరు అంటరానివాళ్లనే మాలాంటి వాళ్ల ఇంట్లో కిరాయికి దిగడానికి ఈ భువనగిరిలో వాళ్లొక్కరికే మనసొప్పింది. వాళ్ల బిడ్డ పుట్టింది నా చేతుల్లో. ఎట్లా పోనిస్తాను?

జులై 6. ఆదివారం
ప్రార్థన అయ్యీ కాగానే ఇంటికి. గోడకు నిచ్చెన. ఎక్కాను.

దేవా!

వెనకింటి మిద్దె నిండా పుంటికూర, పుల్లటి గోంగూర. మోకాలెత్తు. మడులు కట్టి, గట్లు పోసి, చిన్న కాలువ కూడా తీసి... మధ్యలో బాపు, చంకన కడవ, తాపీగా నీళ్లు పారిస్తున్నాడు!

"చెరువు ఒండ్రు బిడ్డా! నలభై ఏండ్లు దొర పొలాలకు మోసిన. దీన్ని మించిన మట్టి లేదు. గిసొంటి మట్టిని ఉత్తగ ఎట్ల పెడ్తరు?"

తిడదామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. ఆగితేనా! గట్టు మీదే కూలబడ్డాను. కింది నుంచి సత్తయ్య పెళ్లాం లచ్చమ్మ "ఏమైంది, ఏమైంది" అంటూ ఎక్కొచ్చి, నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో! రోజు బాపు ఇచ్చే కూర గిదేనా! మేం సుత తింటిమి గదా!"

మంచి మట్టి ఏదో బాపుకు తెలుసు, పొలానికి. మిద్దెకు చౌడు పోయాలని ఎట్లా తెలుస్తుంది? మాకు మిద్దె ఎన్నడుంది గనక? సత్తయ్య చెప్పేదాకా నాకూ తెలియలేదు.

జులై 7
మబ్బు పట్టింది. మగ్గం నా గదిలోకి. కాళ్లు పెట్టుకోవడానికి గుంట కావాలి కదా, నా మంచం జరిపించి నేల తవ్వించాను. సత్తయ్య ఒకటే మొత్తుకోలు: "నీ ఇల్లు ఖరాబైతది నర్సమ్మా." "నువ్వున్న ఇల్లు నేను ఖరాబు చెయ్యలే? తవ్వు!"

ఇక బాపుకు చెప్పాలి. ఒండ్రు తీసెయ్యాలని, పంట పీకెయ్యాలని. పొద్దంతా ఏదో ఒక పని పెట్టుకున్నాను. చివరికి చెప్పేశాను.

"చౌడా? దాంట్ల గడ్డిపోస సుత మొలవదు."

"అందుకే బాపూ. వేర్లు దిగవు, నీళ్లు దిగవు."

"ఏం పండని మట్టి ఇల్లు కాస్తదన్నట్టు..." అని లేచి వెళ్లిపోయాడు. అన్నానికి రాలేదు. నా మీద నాకే కోపం.

జులై 9
అందరికంటే ముందు మిద్దె ఎక్కింది బాపే! కూర పీకి, కట్టలు కట్టి, వాడంతా పంచాడు. చౌడు బండ్లు వచ్చాయి. నేనూ గంప ఎత్తాను. లచ్చమ్మ పాట అందుకుంటే అందరం వరసగా తొక్కాం. నడుము విరిగింది. ఎంత హాయిగా ఉందో!

జులై 11
కుండపోత. వెనకింట్లో చుక్క పడలేదు. మూడుసార్లు వెళ్లి చూశాను.

జులై 12
చీరెలు కట్టంగూర్‌కు పోయాయి. ఎర్రంచు, కళ్లకు పండగ. సత్తయ్య ఇల్లు మారడట! మగ్గం వెనకింటికి ఎప్పుడు మారుస్తావంటే మాత్రం, "గీడ వెలుతురు మంచిగున్నది నర్సమ్మా" అంటూ నసుగుతున్నాడు. నేనేమో రోజూ గుంట చుట్టూ తిరిగి నా మంచం చేరుకుంటున్నాను.

జులై 13. ఆదివారం
ఒండ్రునంతా బాపు పెరట్లోకి మోశాడు. బావికీ గోడకూ నడుమ, నాలుగు మంచాలు పట్టేంత జాగా. చాయ్ ఇద్దామని వెళ్తే లేచి నిలబడ్డాడు. తలకున్న తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు, దొర ముందు నిలబడ్డట్టు. నవ్వులాటకనుకున్నాను. కాదు.

"గీ జాగ నాకు పాలుకిస్తవా బిడ్డా? పంటల సగం నీకు, సగం నాకు."

బాపు... నన్ను అడుగుతున్నాడు!

ఊరికే తీసుకో అంటే తీసుకోడు, నాకు తెలుసు ఆ మనిషి. సగం పంట నేను తీసుకుంటే... నేనెవరినవుతాను? చాయ్ చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. పెరట్లో అప్పుడే పార చప్పుడు.