సగం గ్లాసు టీ

అమ్మా, నేను కులాసా. బెంగపడకు.

తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే గది ఒకటి మా కుట్టుషాపు వెనకవీధిలోనే ఉంది. తాళాలు బాగుచేసే ముసలాయన నన్ను నిన్న అక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. అందరికీ టీ సగం గ్లాసే పోశారు.

"ఇదేం పిసినారితనం?" అన్నాను.

"చేతులు వణుకుతాయి కదయ్యా! నిండా పోస్తే ఒలికి ఒళ్ళు కాలదూ?" అన్నాడు.

పోయేదాకా నాన్నకు నువ్వు సగం గ్లాసే ఇచ్చేదానివి. పాపం ఆయనకు నిండా పొయ్యవని మేం నీమీద అలిగేవాళ్ళం.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? మోకాళ్ళకు మందు మానకు. పిన్నికి దణ్ణాలు చెప్పు. తమ్ముడికి ఈమధ్య టీ నిండా పోస్తున్నావా, సగమేనా? దాచకుండా రాయి.

నీ పెద్దోడు