అచ్చు తప్పా, దెబ్బా

కమల నాయినా,

నువ్వు సచ్చి ఇయ్యాల్టికి ఏడాది. నీ ఫోటోకు దండ ఎయ్యలే. కమలను చంద్రపూర్‌ల చెవుల డాక్టరుకు చూపెట్టిన.

ఘుగ్గుస్ కాలనీ అంతా నువ్వు చెప్పిన మాటే నేను డాక్టరుకు చెప్పిన: "ఎడమ చెవి పుట్టుకతోనే వినపడది."

ఆయన లైటు పెట్టి చూసిండు. "పుట్టుకతో కాదమ్మా. ఎన్నడో ఎవరో గట్టిగ కొట్టిన్రు, లోపలి పొర చినిగింది."

మూడేండ్లప్పుడు పిల్ల నువ్వు అచ్చు తప్పిన నాణేలు ఏరి దాచిన డబ్బా ఒలకబోసింది, యాదికున్నదా?

కొత్త స్టీలు రూపాయిని భూతద్దం కింద పెట్టి నువ్వే నేర్పితివి. అచ్చేసేటప్పటి తప్పయితే నున్నగుంటది, తర్వాత దెబ్బ తగిలితే లోహం పక్కకు జరిగి అంచు లేస్తదని. రూపాయి కాడ నువ్వెన్నడు పొరబడలే.

"ఎవరు కొట్టిన్రే అమ్మా?" అని కమల అడిగింది.

కుడి చెవి కాడికి వంగి నీ పేరు చెప్పిన.