గేటు ముందర ఒక నిమిషం

మార్చి 3, సోమవారం

బండి ఈల వేస్తోంది. పది రోజులైంది. మామగారు పోయే ముందు కొన్న డీజిల్ బండి, పదహారేళ్లది. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, సన్నగా మొదలై పెద్దదవుతుంది. మా ఊరి చుట్టూ చెట్టు లేదు, గుట్ట లేదు. విడపనకల్లు రోడ్డు మలుపు దగ్గరే వినపడుతుంది. అక్కడి నుంచి గేటు దాకా నాలుగు నిమిషాలు. వాచీ చూసే రాస్తున్నాను.

నాలుగు నిమిషాల్లో చాలా పనులవుతాయి. నా కూతురు ఆశ్రితను పక్కింటి ఆంజినమ్మ దగ్గరికి పంపిస్తాను. కత్తిపీట మంచం కిందికి తోస్తాను. పొయ్యి మీద మరిగే నీళ్లు దించుతాను. పెళ్లైన పదకొండేళ్లలో ఇంత టైం నాకెప్పుడూ దొరకలేదు.

మార్చి 5

ఈ ఇంట్లో ఒక పద్ధతి. మగవాళ్లు గేటు ముందు బండి నిలిపి, గట్టిగా ఒకసారి రేజ్ చేసి, టక్కున కీ తిప్పేస్తారు. యజమాని వచ్చాడని ఊరికి తెలియాలి. ఆ మోత ఆగేలోపు ఆడవాళ్లు గేటు తీయాలి. మామగారిదీ అదే అలవాటు, నా మొగుడు దివాకర్‌దీ అదే.

ఇవాళ బాత్రూంలో ఉండి ఈల వినలేదు. గేటు తీసేసరికి మోత ఆగిపోయింది. ఎడమ చెవి మీద కొట్టాడు.

మార్చి 6

ఎడమ చెవి పని చేయడం లేదు. ఈల వినడానికి కుడిది చాలు.

మార్చి 9

ఉరవకొండ నుంచి మెకానిక్ నరసింహప్ప వచ్చాడు. దివాకర్ తాగి పడుకున్నాడు. నరసింహప్ప బానెట్ ఎత్తి, గాలి గొట్టం ఊడదీసి, లోపల కారిన ఆయిల్ నాకు చూపించాడు. ఇంజన్‌కు గాలి తోసే టర్బో పోతాంది మ్మా, ఈల దాందే అన్నాడు. రేజ్ చేసి ఆపేది ఎవురు అన్నాడు. లోపల చక్రం నిమిషానికి లక్ష సుట్లు తిరుగుతాంటాది, ఇంజన్ ఆపితే దానికి ఆయిల్ రాదు, ఎండుకోని అరిగిపోతాది, ఆపే ముందర ఒక్క నిమిషం ఊరికే ఆన్‌లో పెట్టమని అన్నకు చెప్పుమ్మా అన్నాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. ఒక దినం ఇంజన్ తన ఆయిలే తాను తాగుతాది, అప్పుడు కీ తీసినా ఆగదు, ఈ గొట్టం నోటికి తడి గోనె అదమాల, చెయ్యి మాత్రం పెట్టద్దు, వేళ్లు తీసకపోతాది అన్నాడు. కొత్తది బళ్లారి నుంచి వచ్చేదాకా బండి తోలద్దన్నాడు.

అన్నీ చెప్తానన్నాను.

మార్చి 10

చెప్పలేదు.

మార్చి 14

నీలం పొగ. బండి దారిలో ఆగిపోతే తోసినవాళ్లు నవ్వారట. గడ్డపార తెచ్చి బానెట్ మీద నాలుగు దెబ్బలు వేశాడు. నన్ను కొట్టినట్టే, నోరు మూసుకుని, తొందర లేకుండా. చూస్తుంటే నాకు సంతోషమేసింది. సిగ్గు కూడా వేయలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. మణికట్టు వాచింది, విరగలేదు.

అత్త వెంకటలక్ష్మమ్మ పసుపు, నూనె రాసింది. ఆమె చూపుడు వేలు వంకరగా ఉంటుంది. ఎట్లా అయిందని ఎన్నడూ అడగలేదు, ఇవాళ అడిగాను. గేటు తీసేది ఆలస్యమైందని మీ మామ ఆ గేటు సందులోనే పెట్టి మూసినాడు అంది. రాస్తున్న చెయ్యి మాత్రం ఆపలేదు.

సాయంత్రం గేటు పక్కన తొట్టిలో గోనెసంచి నానబెట్టాను.

మార్చి 18, మధ్యాహ్నం మూడు

ఈల వచ్చింది. ఆశ్రితను పంపాను. గేటు తీసి పట్టుకున్నాను. రేజ్ చేశాడు, కీ తిప్పాడు. ఇంజన్ ఆగలేదు. కీ ఊడబెరికాడు. కీ చేతిలో ఉంది, ఇంజన్ అరుస్తూనే ఉంది, అరుపు పెరుగుతూనే ఉంది. పొగలో ఇల్లు కనపడలేదు. దిగి కీ నేలకేసి కొట్టాడు, బానెట్ ఎత్తాడు, ఏం జేయాలమే అని నన్నడిగాడు. ఏం చేయాలో నన్ను అడగడం ఇదే మొదలు.

గోనె నా చేతిలో ఉంది. నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి. నేను కదల్లేదు. ఆయన గాలి లాగుతున్న గొట్టం పీకేసి ఆ నోటికి అరచెయ్యి పెట్టి అదిమాడు.

మూడు వేళ్లు. కుడి చెయ్యి.

అప్పుడు వెళ్లి గోనె అదిమాను. ఇంజన్ రెండుసార్లు కొట్టుకుని ఆగింది. ఆయన అరుపు అప్పుడు వినపడింది. నాకు నేనంటేనే భయమేసింది.

మార్చి 20

నరసింహప్ప వచ్చాడు. చెయ్యి పెట్టద్దని అన్నకు చెప్పలేదా మ్మా అన్నాడు. అత్త చేతిలో చాట కింద పెట్టింది. నా ముందరే చెప్పింది, వాడే ఇనలేదు అంది. చాట తీసుకుని మళ్లీ కందులు చెరగడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 6

కొత్త టర్బో వేశారు. ఈల లేదు. నాలుగు నిమిషాలు పోయాయి.

డ్రైవర్‌ను పెట్టారు. గేటు ముందర నిమిషం ఆన్‌లో ఉంచి ఆపుతాడు. దివాకర్ పక్క సీట్లో నుంచి నన్నే చూస్తాడు. ఎడమ చెయ్యి బాగానే ఉంది. నేను లోపల నిలబడి లెక్కపెడతాను. అరవై అయ్యేదాకా గేటు తీయను.

ఆశ్రిత నలభైకే ఆంజినమ్మ ఇంట్లో ఉంటోంది.