శివరాత్రి దాటాక కురిసిన మంచు

ఇబ్రి (ఒమాన్),
4-4-1997, శుక్రవారం.

ఈ రోజు పనులు: ఐదింటికి లేచి ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు బక్కెట్ల బట్టలు ఉతకడం, మంచినీళ్ళ ట్యాంకు కడిగించడం, పది ఉన్ని దుప్పట్లకు అంచులు కుట్టడం, ఆసుపత్రికి రెండుసార్లు క్యారియర్ తీసుకెళ్ళడం. అన్నీ అయ్యాయి. దీపం పెట్టి ఇప్పుడు కాగితం తీసుకున్నాను.

అక్కయ్యా, నీకూ బావగారికీ సుభద్ర నమస్కారాలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. తర్వాత రాసేది చదివి కంగారుపడతావని ఆ మాట ముందే రాస్తున్నాను. మాకు ఒంట్లో ఏమీ లేదు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావగారు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? మావాడు రవి పరీక్షలు బాగా రాశాడని ఫోనులో చెప్పాడు. ఆదివారాలు వాణ్ణి హాస్టలు నుంచి పిలిచి నువ్వు అన్నం పెడుతున్నావు కనుకనే నేనిక్కడ స్థిమితంగా ఉన్నాను.

ఈ ఏడు ఇక్కడ చలి పోలేదు. ఎడారి దేశంలో చలేమిటని బావగారు నవ్వుతారు. నవ్వొద్దని చెప్పు.

నా చలి పుస్తకం సంగతి నీకు తెలుసు. ఎనభై ఎనిమిదిలో ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి రాస్తున్నాను. సీసాలో కొబ్బరినూనె ఏ రోజు గడ్డకట్టింది, తోడుపెట్టిన పాలు ఏ వేళకు తోడుకున్నాయి, ఏసీ మొదటిసారి ఏ తేదీన వేశాం, అన్నీ ఉంటాయి. ఇన్నేళ్ళలో శివరాత్రి దాటాక నూనె గడ్డకట్టింది ఒక్కసారి కూడా లేదు. మార్చి నెల ఏసీ లేకుండా గడిచిన ఏడాదీ లేదు. ఈసారి మార్చి ఇరవై నాలుగున సీసా బోర్లించినా చుక్క పడలేదు. ఏసీ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు. పక్కింటి ఒమానీ అవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. తన పెళ్ళయ్యాక ఈ నెలలో ఇంత చలి చూడలేదని చెప్పింది.

మా ఆయన కంపెనీలో స్టోర్ కీపర్ కదా. చలికాలం మొదట్లో సైట్లకు ఉన్ని దుప్పట్లు ఇవ్వడం, చలి పోగానే వెనక్కి తెప్పించడం ఆయన పని. చిరిగినవి మిషను మీద కుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి డ్రమ్ముల్లో సర్దడం నా పని. తొంభై మూడులో ఆలస్యం చేస్తే పదకొండు దుప్పట్లు కనిపించకుండా పోయాయి. మేనేజరు నలుగురిలో మా ఆయన్ని దొంగను అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాత, శివరాత్రి మర్నాటికల్లా దుప్పట్లన్నీ స్టోరుకు చేరాలని నేనే పట్టుబట్టాను. నా పుస్తకం చూపించి ఆ తేదీ పెట్టించింది నేను. కంపెనీ కాదు.

ఈసారి కొండ మీది సైటు నుంచి దుప్పట్లు తెచ్చింది లింగయ్య. జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటాయి. అక్కడ రోడ్డు పక్కన గోడ కడుతున్న పదిమందిలో ఒకడు. వంట చేసేది అతనే, పెద్దదిక్కూ అతనే. ఆ కొండ మన బెజవాడ కొండ లాంటిది కాదక్కయ్యా. ఇక్కణ్ణుంచి బండిలో మూడు గంటలు. ఎక్కేకొద్దీ చెవులు మూసుకుపోతాయి.

మనిషికి రెండు చొప్పున ఇరవై దుప్పట్లు మా గుమ్మంలో దింపి, "అమ్మా, మనిషికొక్కటన్న ఉంచరాదు? పైన ఇంకా ఇగం పోలే," అన్నాడు.

నేను పుస్తకం తెరిచి, ఒక్కో ఏడాది పేజీ వేలు పెట్టి చూపించాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మీ వైపు అనరా అని అడిగాను.

"అనకేం? మా అవ్వ గూడ అంటుండె," అని నవ్వాడు. "గని గీ గుట్టకు శివరాత్రి ఎట్ల ఎరుకైతదమ్మా?"

నేనూ నవ్వాను. నవ్వి, ఇరవయ్యీ లెక్కపెట్టి తీసుకుని, ముట్టినట్టు చీటీ రాసిచ్చాను. అది మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా పుస్తకం మొత్తం నా వంటింటి గూటి దగ్గర నిలబడి రాసింది. ఆ కొండ మీద నూనె ఏనాడు గడ్డకట్టిందో అందులో ఒక్క అక్షరం లేదు. ఆ రోజు అది నాకు తట్టలేదు.

ఇరవై నాలుగు, సోమవారం. ఆ పొద్దున నూనె గడ్డకట్టిన సంగతి పైన రాశాను కదా. మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. సాయంత్రం కొండ దిగి వచ్చిన పఠాన్ డ్రైవరు నీళ్ళ కూలరు మూత తీసి, "దేఖో భాభీ," అన్నాడు. నిండా మంచు. ధనుర్మాసంలో మన గడ్డి మీద ఉండే మంచు కాదు. బండి మీద గీకి రంగునీళ్ళు పోసి అమ్మే ఐసు ఉంటుందే, అలాంటిది. ఆకాశం నుంచి పడిందట. స్టోరు వాళ్ళంతా పిడికిళ్ళతో తీసుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకున్నారు. నేను కూడా ఒక గిన్నెడు తీసుకుని, గులాబీ షర్బత్ పోసి మా ఆయనకు ఇచ్చాను. అది కూడా జరిగింది కనుక రాస్తున్నాను.

పైన మనవాళ్ళు ఎలా ఉన్నారని అప్పుడు అడిగాను. చలి కాచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు అన్నాడు డ్రైవరు. గోధుమపిండి, ఉల్లిపాయలు వేసుకుని వెంటనే మళ్ళీ పైకి వెళ్తున్నాడు. ఆ బండిలో దుప్పట్లు కూడా వేసేద్దామా అని మా ఆయన అడిగారు. అప్పటికి పద్నాలుగు కుట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆరింటికి చిరుగులున్నాయి.

"కొన్ని ఇప్పుడు, కొన్ని రేపు అంటే లెక్క మళ్ళీ తప్పుతుంది. పొద్దుటికి ఆరూ కుట్టేస్తాను, ఇరవై కలిపి పంపండి," అన్నాను.

బండి దుప్పట్లు లేకుండా వెళ్ళిపోయింది. అన్నాలయ్యాక కూర్చుని ఆరూ కుట్టేశాను. తెల్లారేసరికి వాన. ఇక్కడ వాగులు ఏడాదంతా ఎండి ఉంటాయి. ఒక్క వాన పడితే లారీని కూడా ఈడ్చుకుపోతాయి. కొండ దారిలో వాగు పొంగి మంగళవారం, బుధవారం రాకపోకలు లేవు. ఎవరి బండీ పైకి పోలేదు, పైబండి కిందికి రాలేదు. దుప్పట్లు మా ముందుగదిలో దొంతరగా పేర్చి ఉన్నాయి. ఇరవై. లెక్క సరిగ్గా ఉంది. ఆ గదిలో కూర్చోలేక మా ఆయన స్టోరుకు వెళ్ళిపోయేవారు.  నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం వాగు తగ్గాక ఆయనే దుప్పట్లు బండిలో వేసుకుని పైకి వెళ్ళారు. పదిమందిలో తొమ్మిదిమంది డ్రైవరుతో పాటు ఒకే రేకుల గదిలో ఉన్నారట. ఖాళీ సిమెంటు సంచులు విప్పి, ఆ కాగితాలు మీద కప్పుకున్నారట. మూసిన గదిలో నిప్పు పెడితే ఊపిరాడక పోతారని లింగయ్య దాన్ని బయట గుమ్మం పక్కన పెట్టాడు. అక్కడే కూర్చుని, రాళ్ళు కాల్చి గోనెగుడ్డల్లో చుట్టి, లోపలివాళ్ళ కాళ్ళ దగ్గరకు అందిస్తూ ఉన్నాడు. రెండు రోజులూ. వేరేవాళ్ళు లేచి వస్తే, పొయ్యి వంటోని పని అని కసిరి లోపలికి పంపాడట. మా ఆయన వెళ్ళేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే పలకలేదు.

న్యుమోనియా అన్నారు. రెండు ఊపిరితిత్తులకూ పట్టిందట. మొదటి నాలుగు రోజులు బతుకుతాడని ఎవరూ చెప్పలేదు. అడిగితే మలయాళీ నర్సు రేపు చూద్దాం అనేది. నేను రోజూ గోధుమరవ్వ పలచగా కాచి తీసుకెళ్ళేదాన్ని. సగం రోజులు అలాగే తిరిగి తెచ్చాను. అయిదో రోజు రెండు చెంచాలు తాగాడు. ఆరో రోజు నన్ను గుర్తుపట్టాడు.

ఆ రోజు చెప్పేశాను. "లింగయ్యా, దుప్పట్లు వెనక్కి తీసుకున్నది నేను. సోమవారం పంపకుండా ఆపింది కూడా నేనే. సారు తప్పు లేదు."

"ఎరుకనే. బండ్ల సారు జెప్పుకుంట ఏడ్సిండు," అన్నాడు. కొండ దిగేటప్పుడు బండిలో మా ఆయన ఏడ్చిన సంగతి నాకు అతను చెబితేనే తెలిసింది.

ఏదైనా అనమని కూర్చున్నాను. చాలాసేపు దగ్గి, "నీ మీద కోపానికొద్దామంటె ఊపిరి సాలుతలేదమ్మా," అన్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు నాకు బాకీ ఉన్ననని అనుకుంటున్నవ్ గదా. అయితే ఒక్కటి జెయ్యి. మల్ల ఏడు గాడ పండెటోని మీద దుప్పటి ఉండాలె. గా పని అయినంక నా పేరు కొట్టెయ్," అన్నాడు.

ఇంటికొచ్చి నా పద్దుల పుస్తకంలో, బాకీల పేజీలో అతని పేరు రాసుకున్నాను. అతను ఇంకేమీ అడగలేదు. అడిగేందుకు చాలా ఉంది. ఇక కొండ మీద కాదు కదా, ఎక్కడా బరువు పని చేయకూడదని డాక్టరు రాశాడు. పనివల్ల వచ్చింది కాదు, సొంత జబ్బేనని కంపెనీ వీసా రద్దు చేస్తోంది. వచ్చి రెండేళ్ళు కాలేదు. వీసాకు చేసిన అప్పు ఇంకా మిగిలే ఉంది. మేనేజరుతో మాట్లాడండని మా ఆయన్ని రెండుసార్లు పంపాను. టికెట్టు ఇస్తున్నాం, అదే ఎక్కువ అన్నాడట.

ఇక నీ సాయం కావాలి. పదిహేనున లింగయ్యను బొంబాయి విమానం ఎక్కిస్తున్నారు. అక్కణ్ణుంచి రైల్లో పదిహేడు పొద్దున నాంపల్లిలో దిగుతాడు. పొడుగ్గా, బక్కగా ఉంటాడు, తలకు నీలం మఫ్లరు కట్టుకుంటాడు. బావగారు స్టేషనుకు వెళ్ళి ఇంటికి తీసుకురావాలి. నేరుగా ఊరి బస్సు ఎక్కనివ్వొద్దు. ఎక్కుతానంటాడు. ముందు మంచి ఛాతీ డాక్టరుకు చూపించండి. ఆసుపత్రి కాగితాలు అతని సంచిలో వేస్తున్నాను. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళు మెత్తగా అన్నం, చారు పెట్టు. చల్లనివి వద్దు. ఇదంతా ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. రేపు సాయంత్రం మస్కట్ వెళ్ళి విమానం ఎక్కేవాళ్ళ చేతికి ఉత్తరం ఇస్తే, బొంబాయిలో పోస్టు చేస్తారు, త్వరగా చేరుతుంది.

ఉగాది నాలుగు రోజులే ఉంది. వేపపువ్వు ఇక్కడే దొరికింది. చెట్లు కూడా ఈసారి ఆలస్యంగా పూశాయి. వీలైతే కొత్త పంచాంగం ఒకటి పంపు. మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, లింగయ్య కోసం దేవుడి దగ్గర ఒక దీపం పెట్టమని అడుగు. మీ ఇద్దరి ఆశీస్సులు మా ఇద్దరి మీదా ఉండాలి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టి ఒక ఉత్తరం రాయి, ఊరుకోవద్దు.

నీ చెల్లెలు,
సుభద్ర

తా.క. శనివారం, 5-4-97. కవరు అంటించకుండా ఉంచాను. కొండ సైటు దుప్పట్లు ఇక ఎప్పుడూ వెనక్కి తెప్పించకూడదనీ, మనిషికి మూడు చొప్పున ఏడాది పొడవునా అక్కడే ఉండాలనీ ఒక కాగితం రాసిచ్చాను. గుట్టకు వేరే రూలా అని మేనేజరు దాన్ని పక్కకు నెట్టాడట. సంతకం పెట్టేదాకా మా ఆయన అక్కణ్ణుంచి కదలలేదు. మనిషికి మూడోదిగా నేను అంచులు కుట్టిన పదీ ఈ మధ్యాహ్నమే పైకి వెళ్ళాయి. కాగితం, నా పద్దుల పుస్తకం ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. చదువు రాదు కనుక లింగయ్య కాగితం రెండుసార్లు చదివించుకుని, పుస్తకంలో తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. తలాడించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతను దగ్గుతుండగానే ఆ పేరు మీద గీత కొట్టి, పక్కన "చెల్లు" అని రాశాను.