సాయంత్రం మేత

ఆదివారం రాత్రి, కలిదిండి

తాతయ్య పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో ఈ రోజు నేనూ ఆయన గురించి మాట్లాడాను. పాస్టరుగారు పిలిచినప్పుడు ముందు లేవాలనిపించలేదు. కానీ తాతయ్య గురించి కూడా నోరు విప్పకపోతే ఇంకెప్పుడు అనిపించింది.

చిన్నప్పుడు చుట్టాలొచ్చి, "కాన్వెంటు పిల్లవు కదా, ఇంగ్లీషులో ఏదైనా చెప్పమ్మా" అంటే నేను తలుపు చాటుకి పోయేదాన్ని. తాతయ్య వెంటనే లేచి, "ఏమీ అనుకోకండి, చేపలకి మేత వెయ్యాలి. రామ్మా" అని నన్ను చెరువుగట్టుకు తీసుకుపోయేవారు. నిజానికి మేత పొద్దున్నే వేసేసేవారు. చీకటి పడేదాకా ఇద్దరం మాటల్లేకుండా కూర్చునేవాళ్లం.

అంతే చెప్పాను. ఊళ్లో అందరివీ చేపల చెరువులే కదా, సాయంత్రం మేత అనగానే కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

ఇంటికొచ్చాక నానమ్మ, "నీ కోసం వెళ్లేవారనుకున్నావా? నువ్వు పుట్టకముందూ అంతే. మా పుట్టింటివాళ్లు గుమ్మంలో కనబడితే చాలు, ఆయన చేపలకి ఆకలేసేది" అంది.

"మరి నన్నెందుకు తీసుకెళ్లడం?"

"ఒక్కరే వెళ్తే నేను ఊరుకునేదాన్నా?"

ఆయన దగ్గర పుచ్చుకోవడమే తప్ప ఆయనకు నేనేమీ ఇవ్వలేదని ఇన్నాళ్లూ దిగులుగా ఉండేది. పోనీలే, నేనూ ఆయన అక్కరకొచ్చాను.