ఆరని కాగితం

చెల్లీ,

నిన్ను తలచుకోకుండా నా ప్రార్థన ఏ పూటా ముగియదు.

పాప గౌనును మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి నేను తీసిచ్చిన నీలిముద్ర వెలిసిపోతోందని రాశావు. "పాప పోయి ఏడాది కాలేదు, ఇదీ పోతోందా అక్కా" అన్న మాట దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. తప్పు నాదే. నూరేళ్ళు నిలుస్తుందని దుకాణంవాడు చెబితే సుద్ద కలిపిన ఖరీదైన కాగితం కొన్నాను. సుద్దకీ ఈ నీలానికీ పడదు. లోపల్నుంచే తినేస్తుంది. పైగా ఎండలో పది నిమిషాలే ఉంచాను. తమ్ముడు నవ్వాడు కూడా, "ఎండక్కూడా పిసినారితనమేనా పెద్దక్కా" అని.

ఇప్పుడు సుద్దలేని నూలు కాగితం తెచ్చాను. నీలం ముదిరి బూడిదరంగుకు తిరిగేదాకా, నలభై నిమిషాలు ఎండబెడితే, కడిగాక గాఢంగా నిలుస్తోంది. ఆకులతో చేసి చూశాను. గౌనుతో చెయ్యలేదు.

గౌను పంపమని మూడుసార్లు అడిగావు. ఇంకా పనుందని మూడుసార్లూ దాటేశాను. నిజం ఇది. ముద్ర తీసిన రోజు మబ్బు పడుతోందని తొందరపడి, మందు పూసిన కాగితం ఆరకముందే గౌను పరిచి పైన అద్దం బిగించాను. గౌను వీపు మీద నీలం అంటుకుంది. కంగారులో సబ్బు పెట్టి ఉతికాను. నీలం తుప్పురంగయింది గాని మరక వదల్లేదు. పాప వాసన మాత్రం పోయింది.

నీకు చెప్పకుండా దేవుడికి చెప్పుకోవడానికి నోరు రాలేదు.

నీ పెద్దక్క

---

చెల్లీ,

క్షేమంగా చేరావని తమ్ముడు చెప్పాడు. మనసు కుదుటపడింది.

నిన్న నువ్వు మా ఇంటికి రాగానే గౌను నీ చేతికిచ్చి తలవంచుకుని నిలబడ్డాను. నువ్వు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకోలేదు.

"నీకిచ్చిన రోజు పొద్దున నేనే ఉతికానక్కా" అన్నావు.

"ఎందుకే?"

"ఆ వాసనతో ఇంట్లో ఉండలేకపోయా."

"మరి మూడుసార్లు అడిగావుగా?"

"ఎక్కడన్నా కాస్త మిగిలిందేమోనని."

ఆ కాస్తా నేనే పోగొట్టానేమో, చెల్లీ. అది ఆ పైవాడికే తెలియాలి.

తర్వాత నువ్వే కాగితం ఆరిందో లేదో వేలితో తాకి చూసి గౌను పరిచావు. నలభై నిమిషాలకు తీసేద్దామంటే, "ఇంకాసేపు ఉండనీ" అన్నావు. గంటన్నర దాటింది. గుడ్డలోంచి వెలుగు దిగి, కడిగేసరికి ముద్రలో తెల్లగా రావలసిన గౌను లోపల కూడా నీలమే. అంచులు మాత్రం సన్నగా తెల్లగా మిగిలాయి. పాడైంది, ఇంకోటి చేద్దామన్నాను. వద్దని, ఆ కాగితమే గుండెలకు అదుముకుని బస్సెక్కావు.

గౌను నా బల్ల మీదే వదిలి వెళ్ళావు. మరచి కాదని తెలుసు. మడిచి బీరువాలో పెట్టాను. ఎప్పుడడిగినా ఇస్తాను. అడగకపోయినా ఉంచుతాను.

నీ పెద్దక్క