ఊగడం ఆగాక చూసిన లెక్క

మేనల్లుడికి,

నలుగురిలో నోరు పెగలక ఉత్తరం రాస్తున్నాను. నేను కడుతున్న కొత్త బడి మూల స్తంభంలో నాలుగు ఇనప కడ్డీలు తగ్గించమని నీ కాగితం వచ్చింది. కంప్యూటర్‌లో భూకంపం పెట్టి చూశావట. నీ ఆఫీసు అమ్మాయిని అడిగాను.

"ఊగడం ఆగాక స్తంభం మీద ఎంత ఒత్తిడి మిగిలిందో అదే రాయించారు తాతా. ఊగేటప్పుడు ఎక్కువెంత పడిందో సార్ అడగనే లేదు" అంది.

భేష్! జ్వరం దిగాక థర్మామీటరు పెట్టే వైద్యుడివి నువ్వు. ఇంత చదువూ ఇందుకా?

ప్రతి స్తంభానికీ, దూలానికీ ఊపులో పడ్డ అతి పెద్ద ఒత్తిడెంతో రాయించు. అప్పుడు తగ్గించమంటే తగ్గిస్తాను.

ఆ నాలుగు కడ్డీలూ నిన్ననే కట్టేశాను. ఈలోగా విప్పాలంటే నువ్వే రా. పనిముట్లు నేనిస్తాను.

మీ మామయ్య